కంప్రెషన్ పెంచిన ఇంజన్, మొరాయించే సెల్ఫ్: తప్పు నిజంగా మోటారుదేనా?

2021లో మారుతి స్విఫ్ట్‌లోకి వచ్చిన 1.2 లీటర్ల డ్యుయల్‌జెట్ ఇంజన్ కంప్రెషన్ నిష్పత్తి (సిలిండర్‌లోని గాలిని పిస్టన్ ఎన్నో వంతుకు నొక్కుతుందో చెప్పే అంకె) 12:1. ఆ కార్లు హైదరాబాద్‌లో ఏ కాలనీకి వెళ్లినా కనిపిస్తాయి. మే నెల మిట్టమధ్యాహ్నం ఎండలో నిలబెట్టిన బండి అయినా ఒక్క సెకనులో స్టార్ట్ అవుతుంది. అదే ఊళ్లో హై కంప్రెషన్ పిస్టన్లు వేయించి 11:1 దాకా తెచ్చిన పాత కారు ఔటర్ రింగ్ రోడ్డు మీద కాసేపు పరిగెత్తి వచ్చి, ఇరానీ చాయ్ కోసం పావుగంట ఆగితే తిరిగి కదలనంటుంది. టక్కుమని ఒక చప్పుడు వస్తుంది, డాష్‌బోర్డు లైట్లు మసకబారతాయి, అంతే. ఇంకో గంట ఆగితే ఏమీ ఎరగనట్టు మళ్లీ స్టార్ట్ అవుతుంది.

ఈ రెండు బండ్లనూ పక్కపక్కన పెట్టి చూస్తే అసలు ప్రశ్న బయటపడుతుంది. 12:1 ఇంజన్‌కు లేని బాధ 11:1 ఇంజన్‌కు ఎందుకు వచ్చింది? కంప్రెషన్ ఒక్కటే కారణమైతే కథ తలకిందులుగా ఉండాలి. మాజ్దా కంపెనీ స్కైయాక్టివ్ పెట్రోల్ ఇంజన్లను 14:1తో కూడా అమ్మింది. అవీ రోజూ మామూలుగానే స్టార్ట్ అవుతాయి.

స్టార్టర్ మోటారును మన దగ్గర డ్రైవర్లు, మెకానిక్‌లు అందరూ సెల్ఫ్ అనే అంటారు. సెల్ఫ్ తీసుకోవడం లేదు అనగానే వచ్చే మొదటి సలహా, సెల్ఫ్ మార్చమని. మారుస్తారు. నెల తిరక్కుండా మళ్లీ అదే టక్కు. ఇంకో సెల్ఫ్ తెస్తారు. ఇలా రెండు మూడు మోటార్లకు డబ్బు పోసిన తర్వాత కూడా బండి నెట్టుకునే పరిస్థితిలోనే ఉంటుంది. ఇలాంటి కేసుల్లో చాలావాటిలో మోటారు తప్పేమీ ఉండదు. కంపెనీ ఇంజన్ ఇన్నాళ్లూ సర్దుకుపోయిన లోపాలు కంప్రెషన్ పెరగగానే బయటికి వస్తాయి. సన్నని కేబుల్, పెయింట్ మీద బిగించిన ఎర్త్, ముందుకు జరిపిన స్పార్క్ టైమింగ్, పక్కనే కాలుతున్న ఎగ్జాస్ట్ హెడర్లు (ఇంజన్ పొగను బయటికి పంపే పైపులు) అన్నీ కలిసి మోటారుకు అందాల్సిన బలాన్ని దారిలోనే మింగేస్తాయి.

భారం నిజంగా ఎంత పెరుగుతుంది

పిస్టన్ పైకి వస్తూ గాలిని నొక్కేటప్పుడు ఆ గాలి వేడెక్కుతుంది కూడా. అందుకే పీడనం కంప్రెషన్ నిష్పత్తికంటే వేగంగా పెరుగుతుంది. గాలి ఎక్కడా కారిపోదనుకుని లెక్క వేస్తే, 9:1 దగ్గర సిలిండర్‌లో పీడనం బయటి గాలికి సుమారు 17 రెట్లు, 12:1 దగ్గర 25 రెట్లు ఉంటుంది. అంటే 45 శాతం అదనపు బరువు. ఇది చిన్నదేమీ కాదు. కానీ ఒక సెల్ఫ్‌ను చంపేంత పెద్దదీ కాదు. మంచి స్థితిలో ఉన్న మోటారుకు, నిండుగా చార్జ్ అయిన బ్యాటరీకి ఆ మాత్రం మిగులు బలం ఉంటుంది.

పైగా కాగితం మీది నిష్పత్తి మొత్తం కథ చెప్పదు. పిస్టన్ కింది చివర దాటి పైకి బయల్దేరిన తర్వాత కూడా ఇన్‌లెట్ వాల్వ్ కాసేపు తెరిచే ఉంటుంది. పెద్ద క్యామ్ (వాల్వ్‌లను తెరిచి మూసే ఇరుసు) వేసిన ఇంజన్‌లో ఆ వాల్వ్ మరీ ఆలస్యంగా మూసుకుంటుంది. సెల్ఫ్ తిప్పే నెమ్మది వేగంలో, సిలిండర్‌లోకి వచ్చిన గాలిలో కొంత తిరిగి మానిఫోల్డ్‌లోకే పోతుంది. అందుకే 12:1 పిస్టన్లతో పాటు రేస్ క్యామ్ వేసిన ఇంజన్ కంటే, అవే పిస్టన్లు వేసి కంపెనీ క్యామ్ ఉంచేసిన ఇంజన్ సెల్ఫ్‌కు ఎక్కువ బరువుగా తగులుతుంది. చూడాల్సింది నిష్పత్తి కాదు, కంప్రెషన్ గేజ్ చూపే అంకె. ఇక్కడ హైదరాబాద్ వాళ్లు గుర్తుంచుకోవాల్సిన విషయం ఒకటుంది. ఈ ఊరు సముద్రమట్టానికి సుమారు 540 మీటర్ల ఎత్తున ఉంది. గాలి పీడనం ఆరు శాతం దాకా తక్కువ. చెన్నైలో 180 పీఎస్ఐ చూపే ఇంజన్ ఇక్కడ 170 దరిదాపుల్లో చూపుతుంది. ఆ తేడా చూసి రింగులు అరిగాయని ఇంజన్ విప్పించుకోకూడదు.

హెడ్ ఫేసింగ్, అంటే సిలిండర్ హెడ్ అడుగును చెక్కి చదును చేయడం గురించి కూడా ఒక మాట. ఫేసింగ్ చేయించాక సెల్ఫ్ మొరాయిస్తే, కంప్రెషన్ బాగా పెరిగిపోయింది కాబట్టి అంటారు. 1.5 లీటర్ల నాలుగు సిలిండర్ల ఇంజన్ తీసుకుందాం. ఒక్కో సిలిండర్ 375 సీసీ, బోర్ 75 మిల్లీమీటర్లు. 9:1 ఉన్నప్పుడు పిస్టన్ పైన మిగిలే ఖాళీ 47 సీసీ. హెడ్ మీద అర మిల్లీమీటరు తీసేస్తే ఆ ఖాళీ రెండు సీసీల పైచిలుకు తగ్గుతుంది, నిష్పత్తి 9.4 దగ్గర ఆగుతుంది. దీనికే సెల్ఫ్ పడిపోదు. హెడ్ విప్పినప్పుడు తీసిన ఎర్త్ స్ట్రాప్‌ను మళ్లీ సరిగ్గా బిగించారా లేదా అన్నది ముందు చూడాలి. ఆ స్ట్రాప్ డిక్కీలో పానాల డబ్బాలో ఉండిపోయిన సందర్భాలు గ్యారేజీల్లో తక్కువేమీ కాదు.

తేలిక ఫ్లైవీల్ (ఇంజన్ చివర తిరిగే చక్రం) మాత్రం నిజంగానే తేడా తెస్తుంది. బరువైన ఫ్లైవీల్ రెండు కంప్రెషన్ స్ట్రోకుల మధ్య కూడగట్టుకున్న వేగంతో తర్వాతి మెట్టు ఎక్కేస్తుంది. తేలిక ఫ్లైవీల్‌కు ఆ ఊపు ఉండదు. ప్రతి కంప్రెషన్ దగ్గరా ఇంజన్ ఆగినంత పని చేస్తుంది. ఆగినంత పని చేసినప్పుడల్లా మోటారు కరెంటు ఆకాశాన్నంటుతుంది.

టైమింగ్: బోల్టులు విరిచేది ఇదే

సెల్ఫ్ ముక్కు (ముందు భాగం) విరగడం, మౌంటింగ్ బోల్టులు తెగడం, ఫ్లైవీల్ అంచు చుట్టూ ఉండే రింగ్ పళ్లు ఎగిరిపోవడం లాంటివి ఉత్త బరువు వల్ల జరగవు. ఇంజన్ వెనక్కి తన్నడం వల్ల జరుగుతాయి. ఇది ఎలా జరుగుతుందో లెక్కలోనే తెలుస్తుంది.

సెల్ఫ్ ఇంజన్‌ను దాదాపు 200 ఆర్‌పీఎం దగ్గర తిప్పుతుంది. అంటే క్రాంక్ (పిస్టన్లకు కలిపి ఉండే ప్రధాన ఇరుసు) సెకనుకు 1,200 డిగ్రీలు తిరుగుతుంది. పిస్టన్ పైకి చేరడానికి 20 డిగ్రీల ముందు స్పార్క్ పడిందనుకోండి. పిస్టన్ ఆ 20 డిగ్రీలు దాటడానికి దాదాపు 17 మిల్లీసెకన్లు పడుతుంది. అదే 3,000 ఆర్‌పీఎం దగ్గర ఒక మిల్లీసెకను కొద్దిగా దాటితే చాలు. మిశ్రమం అంటుకుని పీడనం పెరగడానికి పట్టే సమయం కొన్ని మిల్లీసెకన్లే. వేగంగా తిరిగే ఇంజన్‌లో ఆ పీడనం పిస్టన్ పైచివర దాటాక అందుతుంది, కిందికి తోస్తుంది. సెల్ఫ్ తిప్పుతున్నప్పుడు మాత్రం పిస్టన్ ఇంకా పైకి ఎక్కుతుండగానే మంట పూర్తిగా విరుచుకుపడుతుంది. మోటారు ముందుకు తోస్తుంటే పేలుడు వెనక్కి తోస్తుంది. రెండింటి మధ్య నలిగేది పినియన్ (సెల్ఫ్ చివర ఉండే చిన్న గేరు) పళ్లు, సెల్ఫ్ అల్యూమినియం ముక్కు, ఆ పినియన్ ఉండే బెండిక్స్‌లోని వన్‌వే క్లచ్. కంప్రెషన్ ఎక్కువైతే ఈ తన్ను కూడా గట్టిగానే ఉంటుంది.

కంపెనీ కార్లలో ఈసీయూ (ఇంజన్‌ను నడిపే కంప్యూటర్) స్టార్టింగ్ సమయంలో టైమింగ్‌ను తగ్గించి పెడుతుంది. స్విఫ్ట్ ఇబ్బంది పడకపోవడానికి ఒక పెద్ద కారణం అదే. పాత డిస్ట్రిబ్యూటర్ (స్పార్క్‌ను ఒక్కో ప్లగ్గుకు పంచే పరికరం) ఇంజన్లలో పికప్ కోసం డిస్ట్రిబ్యూటర్‌ను తిప్పి టైమింగ్ ముందుకు జరుపుతారు. రేసింగ్ కోసమైతే అడ్వాన్స్‌ను (స్పార్క్ ఎన్ని డిగ్రీల ముందు పడాలో ఆ కొలతను) ఒకేచోట లాక్ చేసేస్తారు కూడా. 30 డిగ్రీల దగ్గర లాక్ చేసిన డిస్ట్రిబ్యూటర్‌తో సెల్ఫ్ కొట్టడమంటే ప్రతిసారీ సుత్తితో పినియన్‌ను కొట్టడమే. బయటి ఈసీయూ పెట్టినవాళ్లకు ఇంకో రకం చిక్కు ఉంది. ల్యాప్‌టాప్‌లో క్రాంకింగ్ టైమింగ్ 10 డిగ్రీలని కనిపిస్తుంది. కానీ క్రాంక్ సెన్సర్ ఆఫ్‌సెట్ తప్పుగా ఇచ్చి ఉంటే ఇంజన్ దగ్గర పడేది 25 కావచ్చు. టైమింగ్ లైట్ పెట్టి పుల్లీ మీద గుర్తును కళ్లతో చూడకుండా ఆ అంకెను నమ్మడం ప్రమాదం. పుల్లీ మార్చినా, ట్రిగ్గర్ వీల్ మార్చినా ఈ పరీక్ష మళ్లీ చేయాల్సిందే.

పరిష్కారం ఖరీదైనది కాదు. ఈసీయూ ఉంటే స్టార్టింగ్ టైమింగ్‌ను 5 నుంచి 10 డిగ్రీల మధ్య పెట్టాలి. లాక్ చేసిన డిస్ట్రిబ్యూటర్ అయితే స్టార్ట్ రిటార్డ్ సదుపాయం ఉన్న ఇగ్నిషన్ బాక్స్ కావాలి. అదీ లేకపోతే రేసర్లు చాలాకాలంగా వాడే పద్ధతి ఒకటుంది. ఇగ్నిషన్‌కు విడిగా స్విచ్ పెట్టి, ముందు స్పార్క్ లేకుండా ఇంజన్‌ను తిప్పి, అది ఊపు అందుకున్నాక స్పార్క్ ఇస్తారు.

ఒకే సిలిండర్ ఉన్న పెద్ద మోటార్‌సైకిల్ ఇంజన్లలో ఇంకో ఏర్పాటు ఉంటుంది. క్యామ్ మీద చిన్న డీకంప్రెసర్ ఉండి, నెమ్మదిగా తిరిగేటప్పుడు ఎగ్జాస్ట్ వాల్వ్‌ను కొంచెం ఎత్తి పట్టుకుంటుంది. బైక్ ఇంజన్‌తో ఫార్ములా కార్లు తయారుచేసే ఇంజనీరింగ్ కాలేజీ పిల్లలు క్యామ్ మార్చేటప్పుడు ఈ చిన్న ముక్కను పనికిరానిదనుకుని పక్కన పెట్టకూడదు. అది లేకపోతే బైక్ సైజు బ్యాటరీ ఆ ఇంజన్‌ను తిప్పలేదు.

దారిలో పోయే వోల్టులు

ఒక కిలోవాట్ సెల్ఫ్ నిండు బరువు మీద బ్యాటరీ నుంచి 180 నుంచి 200 ఆంపియర్లు లాగుతుంది. బిగుతైన ఇంజన్ మీద 250 దాటుతుంది. ఇంత కరెంటు దగ్గర ఓమ్‌లో వెయ్యో వంతు కూడా లెక్కలోకి వస్తుంది.

బరువు సర్దడానికి బ్యాటరీని డిక్కీలోకి మార్చడం పర్ఫార్మెన్స్ కార్లలో మామూలే. డిక్కీ నుంచి సెల్ఫ్ దాకా అయిదు మీటర్ల కేబుల్ అనుకుందాం. 25 చదరపు మిల్లీమీటర్ల రాగి కేబుల్ అయితే 250 ఆంపియర్ల దగ్గర 0.86 వోల్టు ఆ కేబుల్‌లోనే పోతుంది. 50 చదరపు మిల్లీమీటర్లది వేస్తే నష్టం 0.43కు దిగుతుంది. కారు ఆడియో కోసం అమ్మే లావుపాటి వైర్ల కిట్‌లలో చాలావాటిలో ఉండేది రాగిపూత పూసిన అల్యూమినియం. చేతిలోకి తీసుకుంటే లావుగా, తేలిగ్గా ఉంటుంది. అదే మందంలో రాగికంటే దాని నిరోధం ఒకటిన్నర రెట్లు. 25 చదరపు మిల్లీమీటర్ల దాన్ని వాడితే 1.3 వోల్టుల దాకా దారిలోనే వదులుకున్నట్టే. ట్రూప్ బజార్‌లో వెల్డింగ్ కేబుల్ అడిగి, కోసి చూసి, లోపల కూడా తీగ ఎర్రగానే ఉందని రూఢి చేసుకుని కొనడం మేలు. డిక్కీ నుంచి ముందుకు వచ్చే ఆ కేబుల్‌కు బ్యాటరీ దగ్గరే పెద్ద ఫ్యూజు గానీ మెయిన్ కటాఫ్ స్విచ్ గానీ తప్పనిసరి. రేకు అంచుకు ఒరుసుకుని ఇన్సులేషన్ తెగితే బండి కాలిపోతుంది.

ప్లస్ కేబుల్ మీద పెట్టే శ్రద్ధ ఎర్త్ మీద పెట్టరు. వెళ్లిన కరెంటంతా తిరిగి రావాల్సిందే కదా. ఇంజన్ రబ్బరు మౌంటింగుల మీద కూర్చుని ఉంటుంది. ఎర్త్ స్ట్రాప్ సరిగ్గా లేకపోతే కరెంటు యాక్సిలరేటర్ కేబుల్ గుండా, గేర్ కేబుల్ గుండా దారి వెతుక్కుంటుంది. సెల్ఫ్ కొట్టినప్పుడు యాక్సిలరేటర్ కేబుల్ వేడెక్కుతోందంటే ఎర్త్ పోయిందని అర్థం. బ్యాటరీ డిక్కీలో ఉన్నప్పుడు బాడీ రేకును నమ్మి వదిలేయకుండా, ఇంజన్ బ్లాకు నుంచి చాసిస్‌కు పెయింట్ గీకి బిగించిన మందపాటి స్ట్రాప్ ఒకటి కచ్చితంగా ఉండాలి.

దీన్ని కొలవడానికి కావలసింది మామూలు మల్టీమీటర్, తాళం తిప్పడానికి ఒక మనిషి. ఇంధన పంపు ఫ్యూజు తీసి, ఇగ్నిషన్ కనెక్టర్ విప్పి ఇంజన్ స్టార్ట్ కాకుండా చేయాలి. మీటర్ ఒక మొన బ్యాటరీ ప్లస్ పోస్టు మీద, రెండోది సెల్ఫ్ మీద కేబుల్ వచ్చే బోల్టు మీద పెట్టి సెల్ఫ్ కొట్టించాలి. అప్పుడు మీటర్ చూపేదంతా దారిలో పోయిన వోల్టేజీ. అర వోల్టు దాటకూడదు. తర్వాత బ్యాటరీ మైనస్ పోస్టుకూ సెల్ఫ్ బాడీకీ మధ్య అదే పరీక్ష. ఇక్కడ 0.2 వోల్టుల దగ్గర ఉండాలి. మొనను టెర్మినల్ క్లాంపు మీద కాదు, సీసం పోస్టు మీదే పెట్టాలి. క్లాంపుకూ పోస్టుకూ మధ్య పేరుకున్న తెల్లటి పొడే దొంగ కావచ్చు. బండి నిలబడి ఉండగా ఓమ్ మీటర్‌తో కేబుల్ చూసి బాగుందనడం వల్ల ఏమీ తెలియదు. పది పోగుల్లో తొమ్మిది తెగినా ఆ మీటర్ సున్నా అనే చూపుతుంది.

వోల్టేజీ పడిపోవడం వల్ల ఇంకో నష్టం ఉంది. బ్యాటరీ ఎనిమిది వోల్టుల దరికి దిగితే స్పార్క్ బలహీనమవుతుంది, ఈసీయూ కూడా గందరగోళపడుతుంది. ఎక్కువ పీడనంలో ప్లగ్ దగ్గర మెరుపు దూకడానికి మామూలుకంటే ఎక్కువ బలం కావాలి, సరిగ్గా అప్పుడే తక్కువ అందుతుంది. ఇంజన్ తిరుగుతూ ఉండి కూడా అంటుకోకపోతే తప్పు ప్లగ్గులదనుకుని మార్చేస్తుంటారు.

వేడి

హైదరాబాద్‌లో చలి వల్ల సెల్ఫ్ ఇబ్బంది పడే రోజులు దాదాపు లేవు. ఇక్కడి శత్రువు వేడి. మే నెలలో బయటే 42 డిగ్రీలు ఉంటుంది. బండి కదులుతున్నంతసేపు గాలి తగులుతుంది. ఆపగానే ఆ గాలి ఆగిపోతుంది కానీ హెడర్ల నుంచి వేడి మాత్రం కక్కుతూనే ఉంటుంది. ఇంజన్ ఆపిన తర్వాత పది, ఇరవై నిమిషాలపాటు బానెట్ కింద వేడి పెరుగుతూ పోతుంది. చాయ్ తాగి లేచేసరికి సెల్ఫ్ తన జీవితంలోకెల్లా వేడిగా ఉంటుంది. గంట తర్వాత దానంతటదే బాగవడానికి కారణం ఇదే.

ఆ వేడి లోపల ఏం చేస్తుందో చూద్దాం. సెల్ఫ్ పైన ఉండే సోలనాయిడ్ రెండు పనులు చేస్తుంది. పినియన్‌ను తోసి ఫ్లైవీల్ రింగ్‌లో దించడం ఒకటి, మోటారుకు పెద్ద కరెంటు కలిపే రాగి కాంటాక్టులను మూయడం రెండోది. దానిలోని తీగ రాగిది. రాగి నిరోధం డిగ్రీకి 0.39 శాతం పెరుగుతుంది. 30 డిగ్రీల నుంచి 120 డిగ్రీలకు చేరితే నిరోధం 35 శాతం ఎక్కువ, కరెంటు నాలుగో వంతు తక్కువ. అయస్కాంతం లాగే బలం ఇంచుమించు కరెంటు వర్గాన్ని బట్టి ఉంటుంది కాబట్టి ఆ బలం సుమారు సగానికి పడిపోతుంది. దీనికి తోడు తాళం స్విచ్ నుంచి వచ్చే సన్నని వైరులో రెండు వోల్టులు పోతే మిగిలేది 40 శాతంలోపే. సోలనాయిడ్ సగం దాకా లాగి టక్కుమంటుంది, కాంటాక్టులు కలవవు. మోటారుకు ఒక్క ఆంపియరు కూడా చేరలేదు. అయినా నింద మోటారు మీదే పడుతుంది.

ఈ సమస్యకు అతి చవకైన మందు ఒక రిలే. బ్యాటరీ దగ్గర 40 ఆంపియర్ల నాలుగు పిన్నుల రిలే పెట్టి, తాళం నుంచి వచ్చే వైరుతో రిలేను మాత్రమే ఆన్ చేయించాలి. సోలనాయిడ్‌కు కరెంటు బ్యాటరీ నుంచి ఫ్యూజు ద్వారా మందపాటి వైరులో నేరుగా వెళ్తుంది. పాత బండ్లలో ఈ ఒక్క పనితోనే వేడి మీద టక్కుమనే జబ్బు చాలాసార్లు పోతుంది. రాణిగంజ్‌లో రిలే, సాకెట్, వైరు అన్నీ కలిపి కొన్నా రీకండిషన్ చేసిన సెల్ఫ్ ధరతో పోలిస్తే అది చిల్లర ఖర్చు. సెల్ఫ్ మార్చే ముందు ఇది చేసి చూడకపోవడం నిజంగా బాధాకరం.

కొందరు రిలేకు బదులు పాత ఫోర్డ్ కార్ల పద్ధతిలో బయట పెద్ద సోలనాయిడ్ పెట్టి, సెల్ఫ్ మీది సిగ్నల్ టెర్మినల్‌ను పెద్ద బోల్టుకు జంపర్‌తో కలిపేస్తారు. శాశ్వత అయస్కాంతాలున్న కొత్త రకం సెల్ఫ్‌లలో ఇది పనికిరాదు. తాళం వదిలేశాక కూడా తిరుగుతున్న మోటారు జనరేటర్‌లా కరెంటు పుట్టించి సోలనాయిడ్‌ను కాసేపు పట్టి ఉంచుతుంది. పినియన్ వెంటనే వెనక్కి రాదు.

వేడిని దూరంగా ఉంచడానికి రేకు షీల్డ్ మంచి మార్గం. అయితే షీల్డ్ సెల్ఫ్‌కు అంటుకుని ఉండకూడదు, మధ్యలో గాలి ఆడే ఖాళీ ఉండాలి. హెడర్లకు చుట్టే ర్యాప్ పని చేస్తుంది కానీ వానాకాలంలో తడి పట్టి మామూలు ఇనుప పైపులను తినేస్తుంది. స్టీలు హెడర్లయితే పర్వాలేదు. సెల్ఫ్‌కే కప్పే వెండిరంగు దుప్పటి హెడర్ వైపు నుంచి వచ్చే వేడిని ఆపుతుంది. కానీ మొత్తం చుట్టేస్తే లోపలి వేడిని కూడా బంధిస్తుంది. హెడర్ వైపు సగం కప్పడమే సరైన పని.

ఏది దొంగో తేల్చే పరీక్ష

రెండు చిన్న ప్రయోగాలతో చాలా అనుమానాలు తీరిపోతాయి. ఇంజన్ వేడిగా ఉండి సెల్ఫ్ మొరాయిస్తున్నప్పుడే స్పార్క్ ఆపేసి కొట్టి చూడాలి. స్పార్క్ లేనప్పుడు సాఫీగా తిరిగి, స్పార్క్ ఉన్నప్పుడు కుదుపులతో ఆగుతుంటే తప్పు టైమింగ్‌ది. స్పార్క్ లేకపోయినా నెమ్మదిగానే తిరుగుతుంటే నాలుగు ప్లగ్గులూ విప్పి కొట్టాలి. ప్లగ్గులు లేకుండా కూడా ఈడుస్తుంటే కంప్రెషన్‌కు దానితో సంబంధమే లేదు. కేబుళ్లు, బ్యాటరీ, మోటారు బుష్‌లు, లేదంటే ఇంజన్ బేరింగులు చూడాలి.

కరెంటు కొలవగలిగితే ఇంకా స్పష్టత వస్తుంది. మార్కెట్లో దొరికే చవక క్లాంప్ మీటర్లలో చాలావరకు ఏసీ మాత్రమే కొలుస్తాయి. డీసీ కొలిచేదే కావాలి. సెల్ఫ్ దగ్గర వోల్టేజీ బాగుండి కరెంటు తక్కువగా ఉంటే మోటారు లోపల కార్బన్ బ్రష్‌లు అరిగాయి లేదా సోలనాయిడ్ కాంటాక్టులు కాలాయి. వోల్టేజీ, కరెంటు రెండూ తక్కువైతే దారిలో నిరోధం ఉంది. కరెంటు విపరీతంగా ఎక్కువై ఇంజన్ నెమ్మదిగా తిరిగితే ఆర్మేచర్ (మోటారులో తిరిగే భాగం) షార్ట్ అయి ఉండాలి, లేదా ఇంజన్ నిజంగానే బిగుతుగా ఉండాలి.

చెవితో కూడా కొంత తెలుస్తుంది. టకటకటకమని వరుసగా కొట్టుకుంటే బ్యాటరీ డౌన్ లేదా టెర్మినల్ వదులు. ఒక్కసారి గట్టిగా టక్కుమని ఆగితే కాంటాక్టులు, బ్రష్‌లు, లేదా పైన చెప్పిన వేడి. మోటారు రయ్యిమని తిరిగి ఇంజన్ కదలకపోతే బెండిక్స్ పోయింది.

సెల్ఫ్ విప్పి బెంచి మీద బ్యాటరీకి కలిపి, గిర్రున తిరిగింది కాబట్టి బాగుందని తేల్చేయడం మన దగ్గర బాగా అలవాటు. బరువు లేకుండా తిరగడానికి పదుల ఆంపియర్లు చాలు. అరిగిన బ్రష్‌లు, సగం కాలిన కాంటాక్టులు ఆ మాత్రం కరెంటును హాయిగా ఇస్తాయి. 250 ఆంపియర్లు అడిగినప్పుడే వాటి గుట్టు బయటపడుతుంది. ఇంకో అలవాటు ఇంతకంటే చెడ్డది. రాడ్‌తో సెల్ఫ్ మీద కొట్టడం. పాత ఫీల్డ్ కాయిల్ మోటార్లలో ఇరుక్కున్న బ్రష్ ఆ దెబ్బకు కదిలేది. ఇప్పటి మోటార్లలో చాలావాటిలో ఉండేవి పెళుసైన ఫెర్రైట్ అయస్కాంతాలు. ఒక్క దెబ్బకు చిట్లితే ముక్కలు ఆర్మేచర్‌లో ఇరుక్కుంటాయి.

మోటారే మార్చాల్సి వస్తే

1912 క్యాడిలాక్‌లో చార్లెస్ కెటరింగ్ రూపొందించిన ఎలక్ట్రిక్ సెల్ఫ్ వచ్చినప్పటి నుంచి సూత్రం మారలేదు. కొద్ది సెకన్లే పనిచేసే మోటారు చిన్నదైనా సరే, ఆ కాసేపూ దాని శక్తికి మించి పని చేయించవచ్చు. అందుకే పది సెకన్లకు మించి కొట్టకూడదు, కొట్టాక కనీసం ఒక నిమిషం ఆగాలి. టెన్షన్‌లో వరుసగా అరనిమిషం కొట్టేవాళ్లు ఆర్మేచర్ సోల్డర్‌ను కరిగించుకుంటారు.

మోటారు నిజంగా చాలకపోతే గేర్ రిడక్షన్ రకం తీసుకోవాలి. క్రైస్లర్ కార్లలో 1960ల మొదట్లోనే ఇవి వచ్చాయి. ఇప్పుడు జపనీస్ కార్లలో సర్వసాధారణం. లోపల మోటారు చిన్నది, వేగంగా తిరిగేది. దాని ముందు సుమారు నాలుగుకు ఒకటి గేరు. పినియన్‌కు 9 పళ్లు, రింగ్‌కు 110 పళ్లు ఉంటే ఇంకో పన్నెండు రెట్లు. ఇంజన్ 200 ఆర్‌పీఎం తిరగడానికి ఆర్మేచర్ పదివేల దరిదాపుల్లో తిరుగుతుంది. ఆ వేగంలో మోటారు తన సత్తా పూర్తిగా చూపిస్తుంది, కరెంటు తక్కువ లాగుతుంది, సైజు చిన్నది కాబట్టి హెడర్లకు దూరంగా ఉంటుంది. నేరుగా తిరిగే పాత రకం మోటారు బరువు మీద దాదాపు ఆగిపోయే స్థితికి వచ్చి, తాగిన కరెంటునంతా వేడిగా మార్చేస్తుంది.

అదే ఇంజన్ కుటుంబంలో డీజిల్ మోడల్ ఉంటే దాని సెల్ఫ్ వేసేయవచ్చనే ఆలోచన కొందరికి వస్తుంది. డీజిల్ సెల్ఫ్‌లు రెండు కిలోవాట్ల దాకా ఉంటాయి. బోల్టు రంధ్రాలు కలిసినంత మాత్రాన సరిపోదు. పినియన్ పళ్ల సైజు, తిరిగే దిశ, ముక్కు లోతు అన్నీ కలవాలి. ఎడాప్టర్ ప్లేట్‌తో ఇంజన్ మార్పిడి చేసిన బండ్లలోనూ ఇదే జాగ్రత్త. షెవర్లే స్మాల్ బ్లాక్ వీ8కు 153, 168 పళ్ల ఫ్లైవీల్‌లు రెండూ ఉన్నాయి, ఒకదాని సెల్ఫ్ ముక్కు రెండోదానికి కుదరదు. అక్కడ షిమ్‌లు (పలుచని రేకు ముక్కలు) పెట్టి పినియన్, రింగ్ మధ్య ఖాళీ సర్దుతారు. తిప్పుతున్నప్పుడు కీచుమంటే ఖాళీ ఎక్కువ, స్టార్ట్ అయి తాళం వదిలాక కీచుమంటే ఖాళీ తక్కువ.

రింగ్ పళ్లను కూడా చూడాలి. ఇంజన్ ఆగేటప్పుడు కంప్రెషన్ దాన్ని ఎక్కడపడితే అక్కడ ఆగనివ్వదు. నాలుగు సిలిండర్ల ఇంజన్ ఎప్పుడూ ఎదురెదురుగా ఉన్న రెండు చోట్లలోనే ఆగుతుంది. కంప్రెషన్ పెరిగితే ఈ పట్టింపు ఇంకా ఎక్కువ. అందుకే పినియన్ ప్రతిసారీ అవే పళ్ల మీద దిగి, అవే అరుగుతాయి. ఎప్పుడో ఒకసారి గరగరమని, బండిని గేర్లో పెట్టి కొంచెం ముందుకు నెట్టాక మామూలుగా దిగితే కారణం ఇదే. క్లచ్ మార్చడానికి గేర్‌బాక్స్ దించినప్పుడు రింగ్‌ను వేడి చేసి ఊడదీసి, పావు చుట్టు తిప్పి మళ్లీ ఎక్కిస్తే ముట్టుకోని పళ్లు పనిలోకి వస్తాయి. పళ్లు మరీ తెగి ఉంటే కొత్త రింగే వేయాలి.

వానాకాలం గురించి చెప్పకపోతే హైదరాబాద్ బండ్ల కథ పూర్తికాదు. 2020 అక్టోబర్ వరదల్లో నీళ్లలో నిలిచిపోయిన కార్లను ఈ ఊరు మరిచిపోలేదు. సెల్ఫ్ ఇంజన్‌కు అడుగున ఉంటుంది, రోడ్డు మీది నీళ్లు ముందు దానికే తగులుతాయి. బురద చేరిన బెండిక్స్ షాఫ్ట్ మీద జారదు, విప్పి కడిగి ఆరబెడితే సరిపోతుంది. ఇంజన్ లోపలికి నీళ్లు పోవడం మాత్రం వేరే సంగతి. నీళ్లు గాలిలా నలగవు. ఇందాకటి 1.5 లీటర్ల ఇంజన్‌లో 9:1 ఉన్నప్పుడు పిస్టన్ పైన ఖాళీ 47 సీసీ. 12:1 చేశాక 34 సీసీ. అంటే రెండున్నర టేబుల్ స్పూన్లకు కాస్త తక్కువ నీళ్లు చాలు, పిస్టన్ పైకి రాలేక కనెక్టింగ్ రాడ్ వంగడానికి. కొత్తగా వేసిన బలమైన గేర్ రిడక్షన్ సెల్ఫ్ అయితే ఆగిపోకుండా ఆ రాడ్‌ను ఇంకా సులువుగా వంచేస్తుంది. లీకయ్యే ఇంజెక్టర్ రాత్రంతా పెట్రోల్ కార్చినా ఇదే ప్రమాదం. నీళ్లలో ఆగిన బండి అయినా, సెల్ఫ్ కొట్టగానే ఠక్కున బిగిసిపోయిన బండి అయినా, రెండోసారి తాళం తిప్పకూడదు. నాలుగు ప్లగ్గులూ విప్పి, కాయిల్స్ కనెక్టర్లు, ఇంధన పంపు ఫ్యూజు తీసేసి, ముందు క్రాంక్ పుల్లీ బోల్టుకు పానా వేసి చేత్తో రెండు చుట్లు తిప్పాలి. నీళ్లు ప్లగ్గు రంధ్రాల్లోంచి బయటికి వచ్చి, ఇంజన్ ఎక్కడా తగలకుండా తిరిగిన తర్వాతే సెల్ఫ్ జోలికి వెళ్లాలి.